గ్యాస్ ఉందనే ముందు వేవ్‌లెట్ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

కృష్ణా-గోదావరి సముద్ర ప్రాంతంలో గ్యాస్ అన్వేషణ మీద ఇటీవల మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. ఇలాంటి విషయానికి తెలుగులో పేజీ కేటాయించడం మాకెంతో సంతోషం. అయితే అందులోని రెండు మాటలను అలాగే వదిలేస్తే పాఠకులు పొరబడతారు. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి ఈ చదువు కోసం చెన్నై వచ్చే పిల్లలు ఇంకా ఎక్కువ పొరబడతారు. సీస్మిక్ సర్వే, అంటే శబ్ద తరంగాలు పంపి నేల కింది నుంచి వచ్చే ప్రతిధ్వనులను రికార్డు చేయడం, 'భూగర్భాన్ని ఫొటో తీస్తుంది' అన్నది మొదటి మాట. సర్వే రికార్డు అక్కడ తవ్విన బావిలోని కొలతలతో 'చక్కగా సరిపోయింది కాబట్టి' అంచనాను నమ్మవచ్చు అన్నది రెండోది. ఈ రెంటికీ నడుమ వేవ్‌లెట్ అనేదొకటి ఉంది. వ్యాసంలో ఎక్కడా దాని పేరు రాలేదు.

కోసపేట కుమ్మర్ల దగ్గర కుండ కొనేటప్పుడు వేలు మడిచి తట్టి చూస్తాం. ఆ మోతలో కుండ పలుకు ఉంటుంది, వేలి దెబ్బ కూడా ఉంటుంది. గోటితో తడితే ఒక మోత, కణుపుతో తడితే ఇంకో మోత. కుండ మాత్రం అదే. సర్వే ఓడ వెనక ఎయిర్‌గన్ నీళ్లలోకి ఒక్కసారిగా గాలి వదులుతుంది. ఆ దెబ్బ అక్కడికక్కడే ఆగిపోదు, పదుల మిల్లీసెకన్ల పాటు పైకీ కిందికీ ఊగి సద్దుమణుగుతుంది. ఆ ఊగే ఆకారమే వేవ్‌లెట్. నేల కింద రాతిపొర మారిన ప్రతిచోటి నుంచీ అదే ఆకారం తిరిగొస్తుంది. ఒకచోట బలంగా వస్తే ఒకచోట బలహీనంగా, మరోచోట తలకిందులుగా వస్తుంది. పొరలు దగ్గర దగ్గరగా ఉంటే ఆకారాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. ఇలా కలవడాన్నే కన్వల్యూషన్ అంటాం. రికార్డులో కనిపించేది రాయి కాదు. రాయి, దెబ్బ కలిసిపోయిన గీత, దాని మీద కొంత నాయిస్ (అక్కర్లేని రొద).

పొర దగ్గర ఎంత బలం తిరిగొస్తుందో ముందు చూద్దాం. షేల్‌లో శబ్ద వేగం సెకనుకు 2400 మీటర్లు, సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.25 గ్రాములు అనుకోండి. రెంటినీ గుణిస్తే 5400. దీన్ని ఇంపెడెన్స్ అంటారు. దాని కింద గ్యాస్ నిండిన ఇసుకరాయి ఉందని, వేగం 2100, సాంద్రత 2.0 అని అనుకుంటే ఇంపెడెన్స్ 4200. కిందిదాన్నుంచి పైదాన్ని తీసేసి రెంటి మొత్తంతో భాగించాలి. మైనస్ 1200ను 9600తో భాగిస్తే మైనస్ 0.125. అంటే వెళ్లిన తరంగంలో ఎనిమిదో వంతు తలకిందులై వెనక్కి వస్తుంది. లోతు పెరిగే కొద్దీ ఇలాంటి సంఖ్యలు వరుసగా వస్తాయి. ఆ వరుస పేరు రిఫ్లెక్టివిటీ. మనకు కావలసింది అదే, రాయి గురించి చెప్పేదీ అదే. కానీ చేతిలో ఉన్నది వేవ్‌లెట్ కలిసిన రికార్డు. వేవ్‌లెట్ ఏమిటో తెలియకుండా రిఫ్లెక్టివిటీని విడదీయలేం.

కంప్యూటర్ ఇన్వర్షన్ (రికార్డు నుంచి వెనక్కి లెక్కకట్టి అది దేని నుంచి పుట్టిందో కనుక్కోవడం) అనగానే చాలామంది భయపడతారు. కాగితం మీద పది నిమిషాల్లో చేసి చూడొచ్చు. వేవ్‌లెట్ మూడే సంఖ్యలు: మైనస్ 1, 3, మైనస్ 1. నడుమ మిట్ట, అటూ ఇటూ పల్లం. రిఫ్లెక్టివిటీ 2, 0, మైనస్ 1. మొదటి పొర దగ్గర వేవ్‌లెట్‌ను 2తో గుణించి రాయండి. రెండు గడులు జరిపి మైనస్ 1తో గుణించి దాని కింద రాయండి. నిలువునా కూడితే రికార్డు వస్తుంది: మైనస్ 2, 6, మైనస్ 1, మైనస్ 3, 1. ఇప్పుడు వేవ్‌లెట్ తెలియదనుకుందాం, రిఫ్లెక్టివిటీ బావి నుంచి తెలుసు. రికార్డులో ఐదు సంఖ్యలున్నాయి, తెలియనివి మూడు. మొదటి సమీకరణం నుంచి మైనస్ 1, రెండోదాన్నుంచి 3, మూడోదాన్నుంచి మళ్లీ మైనస్ 1 వస్తాయి. మిగతా రెండు సమీకరణాలు ఈ జవాబునే బలపరుస్తాయి. బావి సాయంతో వేవ్‌లెట్ కనుక్కోవడమంటే ఇదే. నిజం డేటాలో నాయిస్ వల్ల సమీకరణాలు ఒకదానితో ఒకటి పొసగవు. అందుకని మొత్తం తేడాల వర్గాల కూడిక కనిష్ఠమయ్యే జవాబు తీసుకుంటాం. అది లీస్ట్ స్క్వేర్స్ పద్ధతి.

ఇదే లెక్కలో ఒక చిన్న తప్పు పెట్టి చూడండి. బావి నుంచి తెచ్చిన పొరల మధ్య దూరం ఒక్క గడి తేడాగా పడింది: 2, 0, 0, మైనస్ 1. రికార్డు మాత్రం అదే, చివర ఒక సున్నా చేరుతుందంతే. లీస్ట్ స్క్వేర్స్ ఇప్పుడిచ్చే వేవ్‌లెట్: మైనస్ 0.2, 2.2, మైనస్ 0.4. నడుమ మిట్ట 3 నుంచి 2.2కు దిగిపోయింది. పక్క పల్లాలు దాదాపు మాయమయ్యాయి, రెండువైపులా సమానంగా ఉండాల్సినవి అసమానమయ్యాయి. ప్రోగ్రాం ఎక్కడా తప్పని చెప్పదు. అది చేసిన లెక్క సరైనదే. మనం ఇచ్చిన దూరమే తప్పు. ఒక గడి అంటే నిజం డేటాలో మామూలుగా 2 లేదా 4 మిల్లీసెకన్లు. బావికీ రికార్డుకీ మధ్య కాలం-లోతు సంబంధం ఆ మాత్రం తప్పితే వేవ్‌లెట్ ఇంత పాడవుతుంది.

ఈ పనిలో సగానికి పైగా శ్రమ ఇన్వర్షన్‌లో కాదు, బావి లాగ్‌లను, అంటే బావిలోకి దించిన పరికరాలు లోతు వారీగా నమోదు చేసిన కొలతలను, సిద్ధం చేయడంలోనే పోతుంది. పోవాలి కూడా. సోనిక్ లాగ్ శబ్దం ఒక అడుగు రాయి దాటడానికి ఎన్ని మైక్రోసెకన్లో చెబుతుంది. 304800ను ఆ సంఖ్యతో భాగిస్తే సెకనుకు మీటర్లలో వేగం వస్తుంది. 100 మైక్రోసెకన్లయితే 3048 మీటర్లు. డెన్సిటీ లాగ్‌ను నమ్మే ముందు పక్కనే బావి వెడల్పు చెప్పే కాలిపర్ లాగ్ చూడాలి. బావి గోడ కూలి వెడల్పైన చోట డెన్సిటీ పరికరం రాయిని వదిలి డ్రిల్లింగ్ మడ్‌ను కొలుస్తుంది. అక్కడ లేని పొర ఒకటి పుట్టుకొస్తుంది. బావి లోతును ఎక్కడి నుంచి కొలిచారో ఆ రిగ్ డెక్ సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తున ఉందనుకోండి, ఆ ఎత్తు తీసేయడం మరిచిపోతే 2000 మీటర్ల వేగం దగ్గర రానుపోను కాలంలో 25 మిల్లీసెకన్ల తేడా పడుతుంది. పై లెక్కలో ఒక్క గడి ఏం చేసిందో చూశాం. ఇది 2 మిల్లీసెకన్ల గడులైతే పన్నెండు దాటుతుంది. అన్ని పొరలూ ఒకేలా జరిగితే వేవ్‌లెట్ జరిగి వస్తుంది, దాన్ని పట్టుకోవచ్చు. బావి ఏటవాలుగా ఉండి, కొలిచిన లోతునే నిలువు లోతుగా వాడేస్తే తేడా ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. అది పట్టుకోవడం కష్టం.

లాగ్ సాధారణంగా అర అడుగుకొకసారి, అంటే 0.1524 మీటరుకొకసారి కొలుస్తారు. సర్వే రికార్డు 2 మిల్లీసెకన్లకొకటి. లాగ్‌లోంచి 2 మిల్లీసెకన్ల దూరంలో సంఖ్యలు ఏరుకుంటే సరిపోదు. సన్నని పొరల హెచ్చుతగ్గులు తప్పుడు ఫ్రీక్వెన్సీలుగా మారువేషంలో లోపలికొస్తాయి. ముందు సన్నని అడుగుల్లోనే లెక్కకట్టి, ఫిల్టర్ చేసి, ఆ తర్వాతే 2 మిల్లీసెకన్లకు తేవాలి. సోనిక్ కొలత కిలోహెర్ట్జ్ తరంగాలతో జరుగుతుంది, సర్వే పదుల హెర్ట్జ్‌తో. రెంటి వేగాలూ అచ్చంగా ఒకటి కావు. అందుకే చెక్‌షాట్‌తోగానీ వీఎస్‌పీతోగానీ (పైన కొట్టిన దెబ్బ బావిలోని రిసీవర్‌కు చేరే కాలాన్ని నేరుగా కొలిచే పద్ధతులు) కాలాన్ని సరిచేసుకోవాలి. ఆ సవరణ అయ్యాక కూడా సరిపోవడం లేదని లాగ్‌ను రబ్బరులా సాగదీసే అలవాటుంది. 2500 మీటర్ల వేగమున్న 100 మీటర్ల పొర రానుపోను 80 మిల్లీసెకన్లు. దాన్ని 8 మిల్లీసెకన్లు నొక్కితే ఆ పొర వేగం 2778 అయిందని ఒప్పుకున్నట్టే. రాయి ఆ వేగంతో ఉండగలదా అని అడగకుండా మౌస్ జరపకూడదు.

రికార్డు వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్) వేసిన డేటా నుంచి వేవ్‌లెట్ తీయకూడదు. బలహీనమైన చోట్లను అది తనంతట తానే పెంచేస్తుంది, ఏ పొర ఎంత బలంగా పలికిందో ఆ తేడా చెరిగిపోతుంది.

ఇక లెక్క. 500 మిల్లీసెకన్ల విండో (లెక్కకు తీసుకునే రికార్డు ముక్క), 2 మిల్లీసెకన్లకొక సంఖ్య అంటే 251 వరసలు. వేవ్‌లెట్ సున్నా సమయానికి అటు 64, ఇటు 64 మిల్లీసెకన్లు అంటే 65 తెలియని సంఖ్యలు. రిఫ్లెక్టివిటీని ఒక్కో గడి జరుపుతూ 65 నిలువు వరసలుగా పేరిస్తే మాత్రిక తయారు. విండోకు పైనా కిందా ఇంకో 64 మిల్లీసెకన్ల లాగ్ ఉండాలి. లేకపోతే అంచుల్లో సున్నాలు పడి, అక్కడ పొరలే లేవని లెక్క అనుకుంటుంది. ఈ మాత్రికను దాని ట్రాన్స్‌పోజ్‌తో (అడ్డు వరసలను నిలువు వరసలు చేసినదానితో) గుణిస్తే వచ్చే చదరపు మాత్రిక వికర్ణం మీద చిన్న సంఖ్య కలిపి లెక్కను నిలకడగా ఉంచుతాం. దీన్నే రెగ్యులరైజేషన్ అంటారు. వికర్ణం విలువలో 1 శాతంతో మొదలుపెట్టి, తగ్గిస్తూ పెంచుతూ చూడాలి. బావి రిఫ్లెక్టివిటీలో తక్కువ ఫ్రీక్వెన్సీల బలం సహజంగానే తక్కువ. అందుకే వేవ్‌లెట్‌లో ఆ భాగం సరిగా తేలదు. తోకలు సున్నాకు చేరకుండా మెల్లగా ఊగుతుంటే కారణం చాలాసార్లు ఇదే. ఆ తోకలు చూసి వేవ్‌లెట్‌ను పొడిగిస్తే రోగం ముదురుతుంది. సొంతంగా ప్రోగ్రాం రాసేవాళ్లు ముందుగా డాట్ ప్రొడక్ట్ పరీక్ష చేయాలి. ఏవో యాదృచ్ఛిక సంఖ్యలు తీసుకుని మాత్రికను ముందుకూ, దాని ట్రాన్స్‌పోజ్‌ను వెనక్కూ నడిపి, రెండు గుణకారాల మొత్తాలు పది పన్నెండు అంకెల దాకా కలుస్తున్నాయా చూడాలి. కలవకపోతే ప్రోగ్రాంలో గడి జరుపుడు తప్పింది.

మీ వ్యాసంలోని 'చక్కగా సరిపోయింది' అన్న మాటకు ఇప్పుడు వద్దాం. మేం ఈ ఉత్తరం రాస్తున్నది ప్రధానంగా దాని కోసమే. 251 సంఖ్యలున్నాయి కదా అని 251 సాక్ష్యాలున్నాయనుకోకూడదు. రికార్డులో నిజంగా శక్తి ఉన్నది 10 నుంచి 60 హెర్ట్జ్ దాకా అనుకుంటే బ్యాండ్ వెడల్పు 50 హెర్ట్జ్. బ్యాండ్ వెడల్పును కాలంతో గుణించి రెట్టింపు చేస్తే స్వతంత్రమైన సంఖ్యలెన్నో తెలుస్తుంది. అర సెకను విండోకు 50 మాత్రమే. 128 మిల్లీసెకన్ల వేవ్‌లెట్ అందులో దాదాపు 13 వాడేసుకుంటుంది. రికార్డులో రాయి సంగతే లేకుండా ఉత్త నాయిస్ ఉన్నా, సగటున యాభైలో 13 వంతుల శక్తి, అంటే 26 శాతం, ఈ లెక్కకు 'సరిపోతుంది'. దాని వర్గమూలం కోరిలేషన్ (రెండు గీతలు ఎంతగా పోలి ఉన్నాయో చెప్పే సంఖ్య): 0.5. వేవ్‌లెట్‌ను 250 మిల్లీసెకన్లకు పొడిగించండి. యాభైలో 25 వాడేసుకుంటుంది, కోరిలేషన్ 0.7 దాటుతుంది. ఉత్త నాయిస్‌తోనే! విండో పొడుగు, వేవ్‌లెట్ పొడుగు చెప్పకుండా కోరిలేషన్ ఒక్కటే చెబితే అది సాక్ష్యం కాదు.

దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బావి రిఫ్లెక్టివిటీని తలకిందులు చేయండి, అడుగు పొర పైకి, పై పొర అడుక్కి. అదే విండో, అదే వేవ్‌లెట్ పొడుగు పెట్టి మళ్లీ ఇన్వర్షన్ నడపండి. అలాంటి భూగర్భం ఎక్కడా లేదు కాబట్టి కోరిలేషన్ బాగా పడిపోవాలి. 0.8 వచ్చినది 0.7 దగ్గరే ఆగితే మొదటి 0.8కి విలువ లేదు. ఆ తర్వాత అసలు పరీక్ష: ఒక బావి దగ్గర తీసిన వేవ్‌లెట్‌ను ముట్టుకోకుండా పక్క బావి లాగ్‌తో కలిపి, అక్కడి రికార్డుతో పోల్చడం. లెక్కలో వాడని బావి దగ్గర వచ్చిన సంఖ్యే చెప్పుకోదగ్గ సంఖ్య.

బావి లేని చోట దారి వేరు. రికార్డు ఆటోకోరిలేషన్ (రికార్డును జరిపి జరిపి దానితోనే పోల్చడం) నుంచి వేవ్‌లెట్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో తీయొచ్చు. ఎండర్స్ రాబిన్సన్ 1954లో ఎంఐటీలో సమర్పించిన పరిశోధన నుంచి ఈ దారి సాగుతోంది. పొరల వరుస పూర్తిగా యాదృచ్ఛికమని అనుకోవాలి, అది పూర్తిగా నిజం కాదు. ఫేజ్ మాత్రం, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ ఊగు ఏ క్షణంలో మిట్టకు చేరుతుందన్నది, ఆటోకోరిలేషన్‌లో ఉండదు. మినిమం ఫేజ్ (బలమంతా వీలైనంత ముందే వచ్చేది) అనో జీరో ఫేజ్ (నడుమ మిట్టకు అటూ ఇటూ సమానమైనది) అనో మనమే అనుకోవాలి. లేదంటే ఫేజ్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ కర్టోసిస్ (గీత ఎంత పదునుగా ఉందో చెప్పే సంఖ్య) గరిష్ఠమయ్యే కోణం వెతకాలి. కర్టోసిస్‌లో నాలుగో ఘాతం ఉంటుంది కనుక తలకిందులైన గీతకూ నిలువుగా ఉన్న గీతకూ అదే విలువ వస్తుంది. 180 డిగ్రీల తేడాను అది ఎన్నటికీ చెప్పలేదు. రిఫ్లెక్టివిటీ, వేవ్‌లెట్ రెంటినీ ఒకేసారి కనుక్కునే బ్లైండ్ పద్ధతులకూ ఇదే చిక్కు. మన కాగితం లెక్కకు మళ్లీ వెళ్లండి. 2, 0, మైనస్ 1ని వేవ్‌లెట్ అనీ, మైనస్ 1, 3, మైనస్ 1ని రిఫ్లెక్టివిటీ అనీ అనుకున్నా రికార్డు అదే వస్తుంది. బయటి నుంచి ఇంకో సమాచారం చేరకుండా ఏ కంప్యూటరూ ఈ రెంటినీ వేరు చేయలేదు. పొరలు కొన్నే ఉంటాయి, వేవ్‌లెట్ పొట్టిగా ఉంటుంది అన్న షరతులు పెట్టేది అందుకే. ఏ షరతు పెట్టారో చెప్పడం అందుకే అవసరం.

లోతైన సముద్రంలో ఒక సౌకర్యం ఉంది. సముద్రపు అడుగు నుంచి వచ్చే మొదటి ప్రతిధ్వని దాదాపు వేవ్‌లెట్ సొంత రూపమే, పైన నీళ్లు తప్ప ఏమీ లేవు. గ్యాస్ హైడ్రేట్ల (గ్యాస్‌ను బంధించిన మంచు లాంటి పదార్థం) కోసం 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక కృష్ణా-గోదావరి సముద్రంలో తవ్విన సంగతి పాఠకులకు గుర్తుండొచ్చు. మన చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పనుల్లోనూ హైడ్రేట్లు ఒకటి. హైడ్రేట్ పొర అడుగున కనిపించే ప్రతిఫలనాన్ని బీఎస్ఆర్ (బాటమ్ సిమ్యులేటింగ్ రిఫ్లెక్టర్) అంటారు. దాని కింద విడి గ్యాస్ ఉంటే వేగం పడిపోతుంది, గీత సముద్రపు అడుగు గీతకు తలకిందులుగా వస్తుంది. గుర్తించే ఆనవాళ్లలో ముఖ్యమైనది ఇదే. వేవ్‌లెట్ ఫేజ్ 90 డిగ్రీలు తప్పితే మిట్టా పల్లమూ సమానమైపోయి ఏది తలకిందులో చెప్పలేని స్థితి వస్తుంది. పైగా 30 హెర్ట్జ్ దగ్గర పావు చక్రం, అంటే 8 మిల్లీసెకన్లకు పైగా గీత జరుగుతుంది. 1700 మీటర్ల వేగం దగ్గర అది సుమారు 7 మీటర్ల లోతు తేడా.

ఆ అడుగు వేవ్‌లెట్‌నే కింది దాకా వాడేయకూడదు. రాయి ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా తినేస్తుంది. క్యూ విలువ (ఇది ఎంత ఎక్కువైతే రాయి తరంగాన్ని అంత తక్కువ తింటుంది) 100 ఉన్న రాతిలో ఒక సెకను ప్రయాణానికి 20 హెర్ట్జ్ తరంగం 53 శాతానికి తగ్గితే, 40 హెర్ట్జ్ 28 శాతానికి పడిపోతుంది. వేవ్‌లెట్ వెడల్పవుతుంది, ఫేజ్ మారుతుంది. గ్యాస్ పొర ఎక్కడుందో ఆ లోతు చుట్టూ ఉన్న విండో నుంచే వేవ్‌లెట్ తీయాలి. ఇన్వర్షన్‌తో తిరిగి రానివి కొన్ని ఉన్నాయి. ఓడ వెనక రిసీవర్లున్న కేబుల్‌ను 7.5 మీటర్ల లోతున లాగితే నీటి ఉపరితలం నుంచి వచ్చే ప్రతిధ్వని 100 హెర్ట్జ్ దగ్గర శక్తిని సున్నా చేస్తుంది. రికార్డులో లేని ఫ్రీక్వెన్సీని గణితం సృష్టించలేదు. సృష్టించిందని ఎవరైనా చూపిస్తే అది వాళ్లు పెట్టిన షరతుల్లోంచి వచ్చిందే.

పిల్లలకు సాధన చేయడానికి డబ్బు అడ్డం కాదు. ఉత్తర సముద్రంలోని వోల్వే క్షేత్రం డేటాను నార్వే చమురు సంస్థ ఈక్వినార్ 2018లో బయటపెట్టింది, బావి లాగ్‌లతో సహా. నెదర్లాండ్స్ ఎఫ్3 బ్లాకు డేటా కూడా అందరికీ దొరుకుతుంది. పైలాప్స్, మడగాస్కర్, సీస్మిక్ యూనిక్స్ అనే ప్రోగ్రాములు ఉచితం. అధ్యాపకులను మేం కోరేది, బటన్ నొక్కించే ముందు ఆ మూడు సంఖ్యల లెక్కను ఒక్కసారి చేత్తో చేయించమని.

మీ పత్రికను కోరేది ఒకటే. ఇకమీదట ఏ సంస్థ ప్రకటనలోనైనా 'బావితో సరిపోయింది' అని వస్తే విండో ఎంత, వేవ్‌లెట్ ఎంత పొడుగు, లెక్కలో వాడని బావి దగ్గర కోరిలేషన్ ఎంత అని అడిగి ఆ మూడు సంఖ్యలూ వేయండి. సర్వే డేటాను భద్రపరిచే సంస్థలు, రికార్డుతో పాటు వేవ్‌లెట్ ఫైలును కూడా తప్పక ఉంచాలి. అందులో ఎన్ని మిల్లీసెకన్లకొక సంఖ్యో, ఏ బావి, ఏ విండో, రెగ్యులరైజేషన్ ఎంతో రాయాలి. ఇంపెడెన్స్ పెరిగితే మిట్టగా చూపారా పల్లంగా చూపారా అన్నది రాయాలి, ప్రపంచంలో రెండు సంప్రదాయాలూ వాడుకలో ఉన్నాయి. అన్నిటికన్నా ముందు సున్నా సమయం ఏ సంఖ్య దగ్గరో రాయాలి. అదొక్కటి లేకపోతే ఎంత చక్కని వేవ్‌లెట్ అయినా ఎటు, ఎంత జరపాలో తెలియక, పదేళ్ల తర్వాత తెరిచినవాళ్లు లాగ్‌ల దగ్గర నుంచి అంతా మళ్లీ మొదలుపెట్టాలి.

ఇట్లు,
సీస్మిక్ డేటా ప్రాసెసింగ్‌లో పనిచేస్తున్న కొందరు తెలుగువారు,
వేళచ్చేరి, చెన్నై